నల్ల చుక్కలు ఎవరి బాధ్యత? చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఒక కేస్ స్టడీ

చిత్తూరు పట్టణానికి చేరువలో ఉన్న ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ యాజమాన్యం నన్ను పిలిచింది. మధ్యాహ్నం రెండు గంటలకు మొదలై రాత్రి పదింటికి ముగిసే రెండో షిఫ్ట్‌లో తయారైన గుజ్జులో నల్ల చుక్కలు ఎక్కువగా కనిపిస్తున్నాయని, అందుకు పండ్లు ఏరే ఆడవాళ్ల అశ్రద్ధే కారణమని, వారికి బాధ్యత తెలిసేలా శిక్షణ ఇవ్వాలని వారు కోరారు. ఉద్యోగుల పనితీరు సమస్యల మీద పనిచేసే నాకు తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి ఇటువంటి పిలుపులు తరచుగా వస్తుంటాయి. చాలా సందర్భాలలో సమస్య ఏమిటో, కారకులెవరో, ఏం చేయాలో అప్పటికే నిర్ణయమైపోయి ఉంటుంది. దాన్ని అమలు చేయడమే బయటివారికి మిగులుతుంది. ఈ ఫ్యాక్టరీ మాత్రం కొంత చర్చ తరువాత ఆ నిర్ణయాన్ని పక్కన పెట్టి, సమస్యను పరిష్కరించే పనిని ఆ పని చేసేవాళ్ల చేతికే ఇవ్వడానికి ఒప్పుకుంది. అలా ఇవ్వాలంటే ముందుగా ఏమేమి మారాలో ఇక్కడ స్పష్టంగా కనిపించింది కనుక ఈ కేసును వివరంగా రాస్తున్నాను. ఫ్యాక్టరీ పేరు గానీ, మనుషుల పేర్లు గానీ ఇవ్వడం లేదు.

లైను నడిచే తీరు

తోతాపురి కాయలు సీజన్‌లో ట్రాక్టర్ల మీద పచ్చిగానే ఫ్యాక్టరీకి వస్తాయి. వాటిని గదుల్లో మాగబెట్టి, కడిగి, బెల్టు మీదుగా ఏరే బల్ల దగ్గరికి పంపుతారు. బల్లకు రెండు వైపులా నిలబడిన ఆడవాళ్లు కుళ్లిన పండ్లను, తొక్క మీద నల్ల మచ్చలున్నవాటిని, తొడిమ ఊడని వాటిని తీసేస్తారు. మిగిలిన పండ్లు టెంక, తొక్క వేరుచేసే యంత్రంలోకి, అక్కడి నుంచి గుజ్జుగా జల్లెడల్లోకి, ఆ తరువాత వేడితో క్రిములను చంపే గొట్టాల స్టెరిలైజర్‌లోకి వెళతాయి. వేడెక్కి, చల్లబడిన గుజ్జును ఫిల్లర్ యంత్రం డ్రమ్ముల్లో అమర్చిన, క్రిములు చేరని అసెప్టిక్ బ్యాగుల్లో నింపుతుంది. ఒక్కో డ్రమ్ములో సాధారణంగా 215 కిలోల గుజ్జు పడుతుంది. తోతాపురి గుజ్జు కనీసం 14 బ్రిక్స్ (కరిగి ఉన్న చక్కెర శాతానికి కొలత) ఉండాలన్నది కొనుగోలుదారులు మామూలుగా పెట్టే షరతు. చిత్తూరు నుంచి చెన్నై రేవుకు, అక్కడి నుంచి సౌదీ అరేబియా, నెదర్లాండ్స్ వంటి దేశాలకు సరుకు వెళుతుంది. నల్ల చుక్కలు ఎన్నింటిని మించకూడదో ఆ ఒప్పందాలలో రాసి ఉంటుంది. ల్యాబ్ పరీక్షలో ఆ పరిమితి దాటిన డ్రమ్మును పక్కకు తీసి ఆపేస్తారు. తరువాత దాన్ని తక్కువ ధరకైనా అమ్మాలి, లేదా మళ్లీ జల్లెడ పట్టాలి.

రెండో షిఫ్ట్‌లో ఆగిపోయే డ్రమ్ములు మొదటి షిఫ్ట్ కంటే బాగా ఎక్కువని ల్యాబ్ రిజిస్టరే చెబుతోంది, కాబట్టి సమస్య నిజమైనదే. అందుకు యాజమాన్యం అప్పటికే రెండు పనులు చేసింది. పండ్లు ఏరడంలో మెలకువలు చెప్పే శిక్షణ ఒకసారి ఇచ్చింది. అది ఫలించకపోవడంతో, డ్రమ్ములు ఎక్కువగా ఆగిన రోజున ఏరే బల్ల దగ్గరి వాళ్ల కూలిలో కొంత కోసే పద్ధతి పెట్టింది. ఆ కోత లేబర్ కంట్రాక్టరు ద్వారా, అతని మేస్త్రీ చేతుల మీదుగా జరిగేది. ఏ రోజు ఎన్ని డ్రమ్ములు ఆగాయో, ఎందుకు ఆగాయో ఆ ఆడవాళ్లకు ఎవరూ చెప్పలేదు. వారం చివర చేతికొచ్చే డబ్బు తగ్గినప్పుడు మాత్రమే వారికి సంగతి తెలిసేది.

ఒప్పుకునే ముందు అడిగినవి

శిక్షణ తరగతి పెట్టడానికి నేను ఒప్పుకోలేదు. అమెరికా పరిశోధకుడు థామస్ గిల్బర్ట్ 1978లో ప్రతిపాదించిన పనితీరు నమూనా ఇటువంటి సందర్భాలలో నాకు ఎప్పుడూ మార్గం చూపుతుంది. పనితీరుకు కావలసినవాటిని ఆయన రెండు వైపులుగా విభజించాడు. సమాచారం, పనిముట్లు, ప్రోత్సాహకాలు పరిసరాల వైపు ఉంటాయి. జ్ఞానం, సామర్థ్యం, ప్రేరణ మనిషి వైపు ఉంటాయి. వెతకడం పరిసరాల వైపు నుంచి మొదలుపెట్టాలని, ఖర్చు తక్కువగా, ఫలితం ఎక్కువగా దొరికేది అక్కడేనని ఆయన వాదన. మన యాజమాన్యాలు మామూలుగా తిరగేసిన క్రమంలో వెళతాయి. ముందు మనిషిని అనుమానిస్తాయి, తరువాత శిక్షణ ఇస్తాయి, ఆ తరువాత శిక్షిస్తాయి. తన పని ఫలితం ఎలా వచ్చిందో తెలియని మనిషిని ఆ ఫలితానికి బాధ్యురాలిని చేయడం అన్యాయమే కాదు, దాని వల్ల ఏ ప్రయోజనమూ ఉండదు.

అందుకని మూడు విషయాలు అడిగాను. విచారణ జరిగినంత కాలం కూలి కోత ఆపాలి. ఆగిన డ్రమ్ముల లెక్కను, నమూనాలను పనివాళ్లందరికీ చూపించాలి. పనివాళ్లు చేసే ప్రతి ప్రతిపాదనకు మరుసటి రోజు షిఫ్ట్ మొదలయ్యేలోగా ఔననో, కాదనో, ఫలానా రోజుకు చెబుతామనో జవాబు ఇవ్వాలి. మొదటిదాని మీద కొంత వాదన జరిగింది, రెండోది సులభంగానే తేలిపోయింది. మూడోది చిన్న విషయంగా తోచినట్లుంది, వెంటనే ఒప్పుకున్నారు. నిజానికి నిలబెట్టుకోవడం కష్టమైనది అదే.

సమస్యా పరిష్కారంలో కార్మికులకు చోటివ్వాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టమే 100 లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలలో ఉభయుల ప్రతినిధులతో వర్క్స్ కమిటీ వేయించే వీలు కల్పించింది. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 43ఏ అధికరణం పరిశ్రమల నిర్వహణలో కార్మికుల భాగస్వామ్యం గురించి చెబుతుంది. పనివాళ్లే చిన్న బృందాలుగా కూర్చుని నాణ్యత సమస్యలు పరిష్కరించే క్వాలిటీ సర్కిళ్లు జపాన్‌లో 1962లో మొదలై, 1980లో హైదరాబాద్ రామచంద్రాపురంలోని బీహెచ్‌ఈఎల్ ద్వారా మన దేశానికి వచ్చాయి. అయితే ఈ ఏర్పాట్లన్నీ ఎక్కువగా ఏళ్ల తరబడి ఒకేచోట పనిచేసే పర్మనెంటు ఉద్యోగులను దృష్టిలో పెట్టుకుని ఎదిగాయి. ఇక్కడ ఏరే బల్ల దగ్గరివాళ్లు గుడిపాల, గంగాధర నెల్లూరు, యాదమరి వైపు పల్లెల నుంచి ఆటోల్లో వచ్చే సీజన్ కూలీలు. కంట్రాక్టరు మనుషులు తప్ప ఫ్యాక్టరీ మనుషులు కారు. ఈ సీజన్ ముగిశాక మళ్లీ వస్తారో రారో తెలియని వాళ్లను ఫ్యాక్టరీ సమస్యను తమదిగా భావించమని అడగడంలో ఏదో ఒక న్యాయం ఉండాలి. ఈ ప్రశ్న చివరి వరకూ నా వెంటే ఉంది.

తెల్లపళ్లెం

బృందంలో ఏరే బల్ల నుంచి కొందరు ఆడవాళ్లు, స్టెరిలైజర్ ఆపరేటర్, ఫిల్లర్ దగ్గరి కుర్రవాడు, ల్యాబ్ కెమిస్ట్, షిఫ్ట్ సూపర్‌వైజర్ ఉన్నారు. మేస్త్రీని కూడా పిలవాలని సూపర్‌వైజర్ కోరాడు. మొదటి సమావేశాలకు వద్దని నేను పట్టుబట్టాను. కూలి పంచే మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా కూలివాళ్లు నోరు విప్పరు. సమావేశం షిఫ్ట్ సమయంలోనే, కూలి లెక్కలోనే జరగాలన్నది ఇంకొక షరతు. పని అయిపోయాక మిగలమంటే, ఆటో పోతుందన్న ఆందోళన తప్ప వాళ్ల మనసులో మరేదీ ఉండదు.

అయినా మొదటి సమావేశం దాదాపు మౌనంగానే గడిచింది. "మాదేముంది సార్, మీరు చెప్పినట్లు చేస్తాము" అన్నారు. బాధ్యత నిరాకరించేవాళ్లు ఇలా మాట్లాడరు. ఏం మాట్లాడినా తమ మీదికే వస్తుందని అనుభవంతో తెలుసుకున్నవాళ్లే ఇలా మాట్లాడతారు. ఇలాంటి చోట అభిప్రాయాలు అడిగితే పని జరగదు, వాళ్ల చేతికి వస్తువు ఇవ్వాలి. రెండో సమావేశానికి, ఆగిన డ్రమ్ముల నుంచి ల్యాబ్‌లో దాచిన నమూనాలను తెప్పించి, తెల్లని పింగాణీ పళ్లేలలో పలుచగా పరచి బల్ల మీద పెట్టించాను. అంతకాలంగా కూలి కోతకు కారణమైన నల్ల చుక్కలను ఆ ఆడవాళ్లు కళ్లతో చూడడం అదే మొదటిసారి. నేను అడిగింది ఒక్కటే: "ఇవన్నీ ఒకే రకంగా ఉన్నాయా?"

చాలాసేపు పళ్లేల మీదికి వంగి చూశారు. తరువాత వారిలో పెద్దావిడ ఒక చుక్కను వేలితో తీసి, గోటితో నలిపి, "ఇది తొక్క గాదు సార్, మాడు. పాలు అడుగంటితే ఇట్లే తేలతాది" అంది. ఇంకొక పళ్లెంలోంచి మరో చుక్కను తీసి నలిపింది; అది నలగలేదు, సాగింది. "ఇది తొక్క. ఇది మా దగ్గర్నించి పోయిందే" అని తానే ఒప్పుకుంది. కెమిస్ట్ రెండింటినీ సూక్ష్మదర్శినిలో చూసింది. తొక్క ముక్కలో కణాల అల్లిక కనిపించింది, మాడిన ముక్కలో అటువంటిదేమీ లేదు. అప్పటివరకు ల్యాబ్ అన్ని నల్ల చుక్కలనూ కలిపి ఒకే సంఖ్యగా లెక్కిస్తూ వచ్చింది. వేరువేరుగా లెక్కించడం మొదలుపెట్టాక, పరిమితి దాటిన డ్రమ్ములలో ఎక్కువ వాటిలో మాడిన చుక్కలే ఉన్నాయని తేలింది.

ఆవిడ తొక్క చుక్కలను తమవిగా ఒప్పుకోవడం నాకు ముఖ్యమైన విషయంగా తోచింది. అన్నీ తమ మీద వేసినప్పుడు ఒక్కదాన్ని కూడా ఒప్పుకోనివాళ్లు, వేరుచేసి చూసే అవకాశం దొరకగానే, అడగకముందే తమ వంతును తీసుకున్నారు. మంచి మాటలతో, ఉపన్యాసాలతో బాధ్యతాభావం కలిగించాలని ప్రయత్నించే ముందు, ఏది తమ చేతుల్లో ఉందో, ఏది లేదో మనుషులు తామే పరీక్షించి చూసుకునే వీలు కల్పించాలి. దీనికి అయిన ఖర్చు కొన్ని పింగాణీ పళ్లేలు మాత్రమే.

ఈల్డ్ బోర్డు

మాడిన చుక్కలంటే స్టెరిలైజర్. అందరి చూపూ సహజంగానే ఆపరేటర్ వైపు తిరిగింది. నేరం బల్ల దగ్గరి నుంచి గొట్టాల దగ్గరికి మారితే ఈ ప్రయత్నమంతా వృథా అయ్యేది. కనుక ఆపరేటర్‌ను ఎందుకు మాడ్చావని అడగనివ్వకుండా, ఏ డ్రమ్ములో మాడు వచ్చిందో, ఆ డ్రమ్ము నింపే వేళకు లైనులో ఏం జరుగుతోందో వెతకమని అందరినీ కోరాను. ప్రతి డ్రమ్ముకూ వరుస సంఖ్య, నింపిన సమయం ఉంటాయి. లైను ఆగిన సమయాలు మాత్రం ఎక్కడా లేవు. చాలాసేపు ఆగితేనే రిజిస్టరులో రాసే అలవాటు. అయితే ఏరే బల్ల దగ్గరివాళ్లకు ఆ సమయాలు బాగా తెలుసు, ఎందుకంటే ఫిల్లర్ ఆగితే కాసేపటికి బెల్టు ఆగుతుంది. "సాయంత్రం టీ తరవాత ఒకసారి, చీకటి పడినాక ఇంకోసారి" అని వాళ్లే చెప్పారు. ఫిల్లర్ దగ్గరి కుర్రవాడు ఆగిన ప్రతిసారీ గోడ మీద సుద్దముక్కతో సమయం రాయడం మొదలుపెట్టాడు. కొద్ది రోజులకే, మాడిన డ్రమ్ములన్నీ లైను ఆగి తిరిగి మొదలైన వెంటనే నింపినవేనని కెమిస్ట్ నిర్ధారించింది.

ఆపరేటర్ అప్పుడు విషయం చెప్పాడు. ఫిల్లర్ ఆగినప్పుడు స్టెరిలైజర్‌లోని గుజ్జు ఎక్కడికీ పోలేక తిరిగి తొట్టిలోకి వచ్చి, మళ్లీ గొట్టాల్లోకి పోతూ ఉంటుంది. వేడి తగ్గించడానికి వీల్లేదు. ఉష్ణోగ్రత పడిపోతే లైను క్రిమిరహిత స్థితి పోయి, మళ్లీ మొదటి నుంచి స్టెరిలైజ్ చేయవలసి వస్తుంది. అలా తిరిగిన గుజ్జే తిరుగుతూ గొట్టాల గోడలకు అంటుకుని మాడుతుంది, లైను మొదలవగానే ఆ పెచ్చులు ఊడి డ్రమ్ముల్లోకి వస్తాయి. ఎక్కువసేపు ఆగేటట్లుంటే గుజ్జును నీళ్లతో ముందుకు తోసి గొట్టాలు ఖాళీ చేయడం సరైన పద్ధతి. ఆ సంగతి అతనికి తెలుసు, సూపర్‌వైజరుకూ తెలుసు. మరి ఎందుకు చేయలేదన్న ప్రశ్నకు అతను సూపర్‌వైజర్ గది పక్కనున్న బోర్డు వైపు చూపించి, "నీళ్లు తోస్తే గుజ్జు పోతాది సార్, గుజ్జు పోతే నా పేరు పోతాది" అన్నాడు.

ఆ బోర్డు మీద షిఫ్ట్‌ల వారీగా ఈల్డ్ రాస్తారు. అంటే లోపలికి వచ్చిన పండ్ల బరువులో ఎంత శాతం గుజ్జుగా డ్రమ్ముల్లోకి చేరిందో ఆ లెక్క. నీళ్లు తోసినప్పుడు గుజ్జు, నీరు కలిసిన భాగమంతా వదిలేయాలి, కాబట్టి షిఫ్ట్ ఈల్డ్ తగ్గుతుంది. ఈల్డ్ తగ్గిన షిఫ్ట్ ఆపరేటరుకు అందరి ముందూ మాట పడుతుంది. అదే గుజ్జు మాడి, చుక్కలతో డ్రమ్ముల్లోకి చేరితే ఈల్డ్ తగ్గదు. ఆ తప్పు మరుసటి రోజు ల్యాబ్‌లో బయటపడి, ఏరే బల్ల దగ్గరివాళ్ల ఖాతాలో పడుతుంది. అంటే ఫ్యాక్టరీ కొలిచే పద్ధతే ఆపరేటర్ చేత తప్పుడు పని చేయిస్తూ, దాని శిక్షను ఇంకొకరికి వేస్తోంది. ఇందులో ఎవరి అశ్రద్ధా లేదు. ప్రతి ఒక్కరూ తమకు పెట్టిన కొలతకు తగ్గట్టుగా నడుచుకుంటున్నారు.

పనితీరు సమస్యలలో నేను చూసిన వాటిలో అన్నిటికంటే తరచుగా ఎదురయ్యేది ఇదే, అన్నిటికంటే ఆలస్యంగా బయటపడేదీ ఇదే. సరైన పని చేసినవాడికి నష్టం, తప్పు పని చేసినవాడికి లాభం కలిగించే కొలత ఒకటి ఎక్కడో నిశ్శబ్దంగా పనిచేస్తూ ఉంటుంది. పెట్టినవాళ్లకు అది కనిపించదు, ఎందుకంటే వాళ్లు దాన్ని మంచి ఉద్దేశంతో పెట్టారు. పనివాళ్లకు కనిపిస్తుంది, కానీ దాని గురించి మాట్లాడితే సాకు చెబుతున్నారని అంటారు. ఈ విషయం యాజమాన్యానికి నా నోటి ద్వారా వెళ్లకూడదని నేను గట్టిగా అనుకున్నాను. ఆపరేటర్, కెమిస్ట్, పెద్దావిడ ముగ్గురూ కలిసి రెండు పళ్లేలు, సుద్దముక్క సమయాల జాబితా, డ్రమ్ముల సంఖ్యలు పట్టుకుని ప్లాంట్ మేనేజరుకు తామే చూపించారు. నేను గది బయటే ఉన్నాను. బయటి నిపుణుడు చెబితే అది నివేదికగా మిగిలేది. వాళ్లు చెప్పారు కాబట్టి, తరువాతి ప్రశ్నలు కూడా వాళ్లనే అడగడం మేనేజరుకు తప్పనిసరి అయింది.

బ్యాగుల గది తాళం

ఫిల్లర్ ఎందుకు ఆగుతోందన్న దానికి జవాబు త్వరగానే దొరికింది. స్టోర్‌కీపర్ సాయంత్రం ఆరింటికి వెళ్లిపోతూ, ఆ రోజు లక్ష్యానికి సరిపడా అసెప్టిక్ బ్యాగులు లెక్కపెట్టి ఇచ్చి, తాళం సెక్యూరిటీ గదిలో పెట్టేవాడు. పండ్లు బాగుండి లైను చురుగ్గా నడిచిన రోజున ఆ బ్యాగులు ముందే అయిపోయేవి. తాళం కోసం మేనేజరుకు ఫోను చేసి అనుమతి తీసుకోవాలి. అంటే పని ఎంత బాగా సాగితే లైను అంత తొందరగా ఆగేది. టీ తరువాత ఆగే మొదటి ఆగుదలకు కారణం వేరు: ఆ వేళకు బాయిలర్‌కు వేసే పొట్టు బ్రికెట్లు (పొట్టును అదిమి చేసిన ఇంధన దిమ్మలు) వానకు తడిసి ఉంటే ఆవిరి పీడనం పడిపోయేది. బ్రికెట్లకు కప్పు వేయించడం, బ్యాగుల తాళం రెండో ప్రతిని షిఫ్ట్ సూపర్‌వైజర్ దగ్గర ఉంచడం ఒక్క రోజులో తీసుకున్న నిర్ణయాలు. ఏరే బల్ల మీద చీకటి పడ్డాక వెలుతురు సరిపోవడం లేదని ఆడవాళ్లు చెప్పారు, దీపాలు మార్చారు. తొక్క చుక్కలు రెండో షిఫ్ట్‌లో ఎక్కువగా ఉండడానికి అది ఒక కారణం.

ఎవరు అడగకుండా ఏం చేయవచ్చు

కారణాలు కనుక్కోవడం కంటే నిర్ణయాధికారం బదిలీ చేయడం కష్టమైంది. పనివాళ్లు సమస్యను తమదిగా చేసుకోవాలంటే, దాని గురించి వాళ్లకు తెలిసి ఉంటే చాలదు. అడగకుండా చేయగలిగిన పని ఏదో ఒకటి వాళ్లకు ఉండాలి. బృందం తానే ఒక పేజీ కాగితం తయారు చేసింది. ఫిల్లర్ తాము నిర్ణయించిన వ్యవధికి మించి ఆగితే నీళ్లు తోసే అధికారం ఆపరేటరుదే. పోయిన గుజ్జు అతని ఈల్డ్ లెక్కలోకి రాదు, ఆగుదల నష్టంగా వేరే వరసలో రాస్తారు. గొట్టాల్లో మాడు పేరుకుంటే లోపలికి వెళ్లే గుజ్జు పీడనం పెరుగుతుందని అతనికి అనుభవం మీద తెలుసు. ఆ గుర్తు దాటితే లైను ఆపి, కాస్టిక్ ద్రావణంతో గొట్టాలు కడిగించే నిర్ణయం కూడా అతనికే వదిలారు. ఏరే బల్ల దగ్గర బెల్టు వేగం తగ్గించే స్విచ్‌ను ఆడవాళ్ల చేతికి అందేచోట బిగించారు. పండ్లు మరీ మెత్తగా, మచ్చలతో వచ్చిన లాటుకు (ఒక విడత సరుకుకు) వేగం ఎంత ఉండాలో వాళ్లే నిర్ణయిస్తారు. కూలి కోత పూర్తిగా రద్దయింది. కాగితాన్ని తెలుగులో రాసి, మేనేజర్ సంతకంతో గోడకు అంటించారు. ఇంట్లో అరవం మాట్లాడేవాళ్లు, చదవడం రానివాళ్లు కూడా ఉన్నారు కాబట్టి దాన్ని రెండు భాషల్లోనూ చదివి వినిపించారు.

కాగితం అంటించినంత మాత్రాన అధికారం బదిలీ కాలేదు. మొదట్లో స్విచ్‌ను ఎవరూ ముట్టుకోలేదు. ఒక సాయంత్రం మచ్చల లాటు వచ్చినప్పుడు వయసులో చిన్నదైన ఒకామె వేగం తగ్గించింది. సూపర్‌వైజర్ పరుగున వచ్చి "ఎవురు తగ్గించింది?" అని అడిగాడు. అతను కోపంతో అడగలేదు, అలవాటుగా అడిగాడు. అయినా ఆ ఒక్క ప్రశ్నతో కొన్ని రోజులపాటు స్విచ్ మళ్లీ అంటరానిదైంది. ఈ సంగతి సమావేశంలో ఆ పెద్దావిడే లేవనెత్తింది: "తమ్ముడూ, నువ్వు అట్లా వస్తే మేము తగ్గించినా మళ్లీ పెంచేస్తాము." అతను ఆమె మాటను తప్పుగా తీసుకోలేదు. తరువాతిసారి వచ్చినప్పుడు "ఏం కనిపించింది అక్కా?" అని అడిగాడు. ఆమె పండు చేతికిచ్చి చూపించింది. అప్పటి నుంచి స్విచ్ వాడకం సాధారణమైంది.

సూపర్‌వైజర్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇటువంటి మార్పులలో అందరికంటే ఎక్కువగా నలిగేది ఆ స్థాయి మనుషులే. పై నుంచి లక్ష్యం, కింది నుంచి సమస్యలు, మధ్యలో అతను. ఇంతకాలం అతని విలువ తప్పు పట్టుకోవడంలో, అరిచి పని చేయించడంలో ఉండేది. ఆపరేటర్, ఏరేవాళ్లు తామే నిర్ణయాలు తీసుకుంటే తానెందుకన్న భయం అతనికి కలిగింది, నాతో ఒంటరిగా ఆ మాట చెప్పాడు కూడా. ఆ భయం న్యాయమైనదే. దాన్ని మనస్తత్వ లోపంగా చూడడం తప్పు. అతనికి కొత్త పని ఒకటి స్పష్టంగా ఇవ్వాలని మేనేజరును ఒప్పించాను. బృందం చేతిలో లేని అడ్డంకులను పైకి తీసుకువెళ్లి, మరుసటి షిఫ్ట్‌లోగా జవాబు తెచ్చే బాధ్యత అతనిది. స్టోర్, కొనుగోలు, నిర్వహణ విభాగాలు అతనికి జవాబు చెప్పి తీరాలి. ఒకసారి స్టోర్ విభాగం నుంచి జవాబు రాలేదు. మేనేజర్ స్వయంగా సమావేశానికి వచ్చి, ఆలస్యానికి కారణం చెప్పి, తేదీ ఇచ్చాడు. బృందం అడిగినవాటిలో ఖర్చు ఎక్కువని కాదన్నవీ ఉన్నాయి. కారణంతో చెప్పిన నిరాకరణను పనివాళ్లు పెద్దమనసుతోనే తీసుకున్నారు. జవాబు లేకపోవడాన్ని మాత్రం వాళ్లు ఎన్నడూ క్షమించరు.

సీజన్ ముగిసేసరికి

నీళ్లు తోయడం మొదలైన తొలి రోజుల్లో రెండో షిఫ్ట్ ఈల్డ్ పడిపోయింది, పై నుంచి ప్రశ్నలు వచ్చాయి. అప్పటిదాకా దాగి ఉన్న నష్టం ఇప్పుడు ఉన్నదున్నట్లుగా లెక్కల్లో కనిపిస్తోందని, ఆగుదలలు తగ్గితే అదీ తగ్గుతుందని కెమిస్ట్ తన లెక్కలతో వివరించింది. తాళం, బ్రికెట్ల ఏర్పాట్ల తరువాత ఆగుదలలు తగ్గాయి, ఈల్డ్ కోలుకుంది. సీజన్ రెండో సగంలో మాడు కారణంగా డ్రమ్ము ఆగడం అరుదైపోయింది. తొక్క చుక్కలు అంతగా తగ్గలేదు. వానలు పడ్డాక మచ్చ తెగులు సోకిన కాయలు ఎక్కువగా వస్తాయి. వేగం తగ్గించినా, వెలుతురు పెంచినా ఏరడానికి ఒక హద్దు ఉంది.

ప్రతిఫలం విషయంలో నాకు దొరికింది కోరినదానిలో కొంతే. ఆగిపోయే డ్రమ్ములు తగ్గడం వల్ల మిగిలిన డబ్బులో ఒక భాగం షిఫ్ట్ మొత్తానికి, కంట్రాక్టు కూలీలతో సహా, నేరుగా అందాలని నేను వాదించాను, ఇప్పటికీ వాదిస్తున్నాను. సమస్యను తమదిగా చేసుకోమని అడిగి, దాని ఫలితాన్ని మాత్రం మనదిగా ఉంచుకోవడం నిలబడే ఏర్పాటు కాదు. యాజమాన్యం సమావేశ సమయానికి కూలి ఇవ్వడం కొనసాగించడానికి, బృందంలోని ఆడవాళ్లను తరువాతి సీజన్‌కు ముందుగా పిలవడానికి, ఆటో ఖర్చు భరించడానికి ఒప్పుకుంది. తలకింతని మేస్త్రీకి వెళ్లే కమీషన్ సంగతి కంట్రాక్టరుతో ముడిపడి ఉందని దాన్ని ముట్టుకోలేదు. తరువాతి సీజన్‌లో పాతవాళ్లు చాలామంది తిరిగి వచ్చారు. కొత్తవాళ్లకు శిక్షణ ఇప్పుడు వాళ్లే ఇస్తున్నారు. తెల్లపళ్లెం ఏరే బల్ల పక్కనే ఉంటుంది, గోటితో నలిపి తొక్కకూ మాడుకూ తేడా చూపించడం మొదటి పాఠం.

పండ్లు ఒకే గదిలో ఎగుడుదిగుడుగా మాగడం ఆ తరువాత బృందం చేపట్టిన సమస్య. కొన్ని కాయలు మెత్తబడేసరికి కొన్ని పచ్చిగానే ఉంటాయి, ఏరే బల్ల దగ్గర ఆ తేడా భారమవుతుంది. గదుల్లో క్రేట్లు పేర్చే తీరు మార్చి చూశారు, గాలి ఆడేలా వరసల మధ్య సందులు వదిలారు. కొంత మెరుగైంది గానీ సమస్య పోలేదు. లాట్ల వారీగా రాసుకున్న లెక్క చూస్తే, ముదరకముందే కోసిన కాయలు కలిసిన లాట్లలోనే ఇది తీవ్రంగా ఉందని తెలిసింది. ధర పడిపోతుందన్న భయంతో రైతు ముందే కోయడం, కొనుగోలు విభాగం బరువు చూసి లాట్లను కలిపేయడం ఏరే బల్ల నుంచి మార్చగలిగేవి కావు. అయినా బృందం ఇంకా ఏదో చేయాలని తపన పడుతుంటే, ఆ సమస్యను ఆధారాలతో సహా పైకి తిరిగి ఇచ్చేయమని నేనే చెప్పాను. తమ చేతిలో లేని కారణానికి పనివాళ్లను బాధ్యులుగా ఉంచడమంటే, తెల్లపళ్లేనికి ముందున్న పరిస్థితిని వేరే పేరుతో తిరిగి తెచ్చుకోవడమే అవుతుంది. వారి లాట్ల లెక్కను కొనుగోలు విభాగం తీసుకుంది. ఇప్పుడు ట్రాక్టరు దిగగానే క్రేట్ల మీద లాటు సంఖ్య రాస్తున్నారు, వేర్వేరు తోటల కాయలను ఒకే గదిలో కలపడం మానేశారు. కాయ ముదురుదనం చూసి ధర నిర్ణయించాలన్న ప్రతిపాదన మాత్రం ఇంకా యాజమాన్యం, రైతుల మధ్య చర్చలోనే ఉంది.